ఆర్గాన్ బ్రాకెట్

నా ట్యూషన్‌లో ఈ ఏడాది దాకా ఆర్గాన్ బ్రాకెట్ వాడనిచ్చేదాన్ని కాదు. పదకొండో తరగతి పిల్లలు చేరిన మొదటి వారంలోనే చెప్పేసేదాన్ని. హీలియం బ్రాకెట్ పెట్టుకోండి, నియాన్ బ్రాకెట్ పెట్టుకోండి, అవి దాటాక మాత్రం మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా రాయాల్సిందే. ఎందుకు మేడమ్ అని అడిగినవాళ్లకి "పునాది గట్టిపడాలి బేటా" అని జవాబు. పచ్చి అబద్ధం అది. నా కోపం సంగతి మా వీధి మొత్తానికీ తెలుసు కాబట్టి రెండోసారి అడిగే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు.

కెమిస్ట్రీ వదిలేసి ఏళ్లు గడిచినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను, అదే కదా నా వృత్తి. ఏ మూలకం పరమాణువులోనైనా ఎలక్ట్రాన్లు ఒక వరసలో నిండుతాయి. ఇనుముకి అవి ఇరవై ఆరు. వాటిని రాయాలంటే 1s² 2s² 2p⁶ 3s² 3p⁶ 4s² 3d⁶ అని బారుగా రాసుకుంటూ పోవాలి. అంత ఓపిక ఎవరికుంది? అందుకని ఒక సంక్షిప్త పద్ధతి ఉంది. ఆ మూలకానికి ముందు వచ్చే జడవాయువు ఏదో చూసి, దాని గుర్తుని చదరపు బ్రాకెట్‌లో పెట్టేస్తే చాలు. అక్కడి దాకా ఉన్న ఎలక్ట్రాన్లన్నీ ఆ బ్రాకెట్‌లోకి వెళ్లిపోయినట్టే. ఆ తర్వాతవి పక్కన రాసుకోవాలి. ఇనుముకి ముందున్న జడవాయువు ఆర్గాన్. కాబట్టి ఇనుము అంటే [Ar] 4s² 3d⁶. లోపలివి లేకుండా పోలేదు, ఉన్నాయి, కాకపోతే మనం వాటి పేరెత్తం.

పిల్లలకి ఈ పద్ధతి చెబితే లడ్డూ పెట్టినంత సంబరం. తప్పులు కూడా అలాగే చేస్తారు. జడవాయువునే బ్రాకెట్‌లో పెట్టాలిరా అంటే, పక్కనే ఉంది కదా అని మెగ్నీషియాన్ని పెడతాడొకడు. ఇంకొకతె బ్రాకెట్ పెట్టి, లోపలున్నవాటిని మళ్లీ బయట కూడా రాస్తుంది. చీవాట్లు పెడతాను, దిద్దుతాను. కార్బన్ దాకా, సిలికాన్ దాకా నాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పొటాషియం దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద నా చెయ్యి ఆగిపోయేది.

చెయ్యి ఎందుకు ఆగేదో చెప్పాలంటే మా ఊరి గురించి చెప్పాలి. మాది భిలాయి, హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. ఇక్కడ మగవాళ్లు నలుగురు టీ కొట్టు దగ్గర నిలబడితే మాటల్లోకి మాంగనీస్ వస్తుంది, క్రోమియం వస్తుంది. వెనేడియం, క్రోమియం, మాంగనీస్, ఇనుము, నికెల్, ఇవన్నీ పట్టికలో ఒకే వరసలో ఉంటాయి. ఒక్కొక్కదానికీ ముందున్న బ్రాకెట్ ఆ ఆర్గానే. ఇనుములో క్రోమియం, నికెల్ కలిపితే స్టెయిన్‌లెస్ స్టీలు అవుతుంది. నా తమ్ముడు కూర్చున్నచోటే ప్రాణం పోగొట్టుకున్న టాంకు స్టెయిన్‌లెస్ స్టీలుది.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. రిటైరయ్యాక ఉతై వెళ్లే రోడ్డు పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఆయన పోయాడు. ఇప్పుడు ఆ ఇంట్లో నలుగురం ఆడవాళ్లం: అమ్మ, నేను, నా తమ్ముడి భార్య, వాళ్ల కూతురు. నేను పెళ్లి చేసుకోలేదు, ఆ కథ ఇక్కడ అనవసరం. మా మరదలు దుర్గ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ముందు గది నా ట్యూషన్ గది.

మా తమ్ముడికి చదువు అబ్బలేదు, చెయ్యి మాత్రం బంగారం. ఆర్గాన్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. స్టెయిన్‌లెస్ స్టీలు అతకాలంటే గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ గ్యాస్ వదులుతూ అతకాలి. వాడు వేసిన అతుకు మీద వేలు రాస్తే ఎక్కడ అతికాడో తెలిసేది కాదు. కుమ్హారి రోడ్డు మీద పాల టాంకులు చేసే ఒక షెడ్డులో పనిచేసేవాడు. మనిషి సరదా మనిషి. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఒక్క కునుకు తీయకపోతే ఆ మహానుభావుడికి పొద్దు గడవదు. పెళ్లిలో కూడా, భోజనాలయ్యాక పెళ్లికొడుకు ఏడీ అని వెతికితే పందిరి వెనకాల పరుపుల కట్ట మీద గురక పెడుతూ దొరికాడు. మా మరదలు ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంటుంది.

ఆ రోజు పొద్దున్న టాంకు లోపలికి దిగి అతుకు వేశాడు. మధ్యాహ్నం పైకొచ్చి తిన్నాడు. గ్యాస్ గొట్టం లోపలే ఉండిపోయింది, సన్నగా వదులుతూనే ఉంది. ఆర్గాన్ గాలి కన్నా బరువు. అడుగు నుంచి నీళ్లలా నిండుకుంటూ వచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. వాడు మళ్లీ నిచ్చెన దిగాడు. కాసేపయ్యాక పైన ఉన్నవాళ్లు తొంగిచూస్తే గోడకి ఆనుకుని, తల వాల్చి కూర్చుని ఉన్నాడు. వాడి కునుకు సంగతి అందరికీ తెలిసిందే కదా. "సోనే దో" అనుకున్నారు, పడుకోనివ్వండి అని.

ఆర్గాన్ అనే పేరుకి గ్రీకులో సోమరి అని అర్థమట. పుస్తకంలో పక్కన గడి కట్టి మరీ వేస్తారు. ఆ గడి నేను చదివించను.

మేం వెళ్లేసరికి షెడ్డు గేటు దగ్గర జనం. ఎవరో గ్యాస్ అంటున్నారు, టాంకీ అంటున్నారు. మా మరదలు నేల మీద పడి ఉంది. అమ్మ ఏడవలేదు. ఆ షెడ్డు మేస్త్రీ ముందు నిలబడి ఒకటే మాట అడిగింది.

"దీపం దింపి సూసినారా?"

అతనికి తెలుగు రాదు. నా వైపు చూశాడు. నేను హిందీలో చెప్పాను, దియా దించారా అని అడుగుతోందని. అతను పాపం చేతులు జోడించి, "హాఁ మాతాజీ, కల్ హీ పూజా కరవాయేంగే" అన్నాడు. రేపే పూజ చేయిస్తాం అని. అమ్మ అతని ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. అమ్మ పుట్టింటి ఊళ్లో పాడుబడ్డ నుయ్యి పూడిక తీయాలంటే ముందు తాడుకి లాంతరు కట్టి దించేవారు. లాంతరు ఆరిపోతే లోపల చెడ్డ గాలి ఉన్నట్టు, ఎవరూ దిగరు. వెలుగుతూ ఉంటే దిగుతారు. అమ్మ అడిగింది ఆ సంగతి. నేనైనా మళ్లీ విడమరచి చెప్పి ఉండవచ్చు. ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి ఇంక?

వాడి కూతురికి అప్పుడు మాటలు వస్తున్న వయసు. నాన్నకి టాంకుల షెడ్డులో పని చేస్తుండగా గుండె ఆగిపోయిందని చెప్పాలని అమ్మ నిర్ణయం. నేను ఎదురు చెప్పాను, పెద్దయ్యాక ఎలాగూ తెలుస్తుంది అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.

"పసిగుంటకి సెప్పొద్దు. కుక్కంటే బయం ఉంటే కుక్క లేని దారంట ఎల్తారు. నీల్లంటే బయం ఉంటే ఏటికి ఎల్లరు. గాలంటే బయం పడితే అది ఏటి పీల్సుకుని బతుకుద్ది?"

ఒట్టు వేశాను, ఎందుకంటే అప్పటికే నాకు గాలంటే భయం పట్టేసింది. ఇప్పటికీ ఉంది. మూసి ఉన్న గది తలుపు తీస్తే గుమ్మంలో ఆగి, ఒక ఊపిరి పీల్చి చూసుకుని గానీ అడుగు వేయను. లిఫ్టు ఎక్కను. పోపు వాసన, డీజిల్ వాసన, తడి గోడల వాసన, ఏదో ఒకటి ముక్కుకి తగిలితే హమ్మయ్య అనిపిస్తుంది. ఏ వాసనా లేని చోట నిలబడను, బయటికి వచ్చేస్తాను. ఇక బోర్డు మీద సంగతి. చదరపు బ్రాకెట్ అంటే ఏమిటి? రెండు నిలువు గోడలు. పైన మూత లేదు. ఆ రెండు గీతలూ గీసి మధ్యలో ఆర్గాన్ అని రాసేసరికి, లోపల గోడకి ఆనుకుని తల వాల్చి కూర్చున్నవాడు నాకు కనిపించేవాడు. ఒక ఏడాది అలా గీసి, డస్టర్ పట్టుకుని క్లాసు మధ్యలో నిలబడిపోయాను. అప్పుడే పెట్టాను ఈ నియమం.

అమ్మ పద్ధతి వేరు. మా పెరట్లో నేల టాంకు ఒకటి ఉంది, సిమెంటుది. ఏడాదికి ఒకటి రెండుసార్లు నీళ్లు తోడేసి, లోపలికి దిగి పాచి గీకాలి. తమ్ముడు పోయాక, అమ్మ చిన్న బకెట్టులో ప్రమిద పెట్టి, వెలిగించి, తాడుతో అడుగు దాకా దించడం మొదలుపెట్టింది. వెలుగు నిలకడగా ఉందని చూసుకున్నాక నన్ను దిగమంటుంది. పనివాణ్ని పెట్టుకుందామంటే ఒప్పుకోదు. "పరాయోల బిడ్డని దింపను" అంటుంది. కన్నబిడ్డనైతే దింపుతుందన్నమాట, బాగానే ఉంది వరస!

మా మేనకోడలు ఆ దీపాన్ని చూస్తూ పెరిగింది. ఎందుకు మామ్మా అని చిన్నప్పుడు అడిగితే అమ్మ "గంగమ్మకి" అని ఊరుకుంది. ఇక ఆ పిల్ల దానికి చేయాల్సిన హంగులన్నీ చేసింది. టాంకు అంచుకి పసుపు రాయడం, నాలుగు బంతిపువ్వులు పెట్టడం, బకెట్టు దిగుతుంటే గంట వాయించడం, పైకి లాగాక ఆ దీపాన్ని కళ్లకద్దుకోవడం. ఇదంతా ఆంధ్రా ఆచారం అనుకుంది. ఎలా అనుకోదు? పుట్టింది ఇక్కడ, మాట్లాడేది సగం హిందీ. సొంత ఊరంటే ఎండాకాలంలో రైలెక్కి వెళ్లి నాలుగు రోజులు ఉక్కపోతలో ఉండి వచ్చే చోటు. స్కూల్లో ఎవరెవరి ఇళ్ల ఆచారాలు వాళ్లు చెప్పమంటే ఇది లేచి నిలబడి, "హమారే ఆంధ్రా మే టాంకీ కో దియా దిఖాతే హై" అని, మా ఆంధ్రాలో టాంకుకి దీపం చూపిస్తాం అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. ఇంటికొచ్చి గర్వంగా అమ్మకి చెప్పింది. అమ్మ "మంచిపని సేసినావమ్మా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి విప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఈ ఏడాది అది పదకొండో తరగతికి వచ్చింది. నా ట్యూషన్‌లోనే కూర్చుంటుంది. క్లాసులో నన్ను మేడమ్ అంటుంది, క్లాసు అయ్యాక అత్తా అంటుంది. ఆ తేడా ఎప్పుడూ తప్పదు.

స్కూల్లో ఈ చాప్టరు మీద టెస్టు పెట్టారు. ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టింది.

"అత్తా, అందరూ బ్రాకెట్ పెట్టి రాసేశారు! నేనొక్కదాన్నే మొత్తం రాస్తా కూర్చున్నాను. టైమ్ ఖతమ్. రెండు ప్రశ్నలు అసలు ముట్టుకోలేదు."

"అయితే ఏటి? రాసినవి తప్పులు లేవు కదా."

"మా స్కూల్ మేడమ్ అడిగింది, ఇలా ఎవరు నేర్పించారు అని. నీ పేరు చెప్పలేదు. షరమ్ ఆయీ."

సిగ్గేసిందట. నా దగ్గర చదువుకున్నందుకు! నాకు ఒళ్లు మండిపోయింది. ముందు గదిలోకి లాక్కెళ్లి, చాక్‌పీసు తీసుకుని, "ఇదిగో, చూడు, ఏడువు!" అంటూ బోర్డు మీద గీశాను. [Ar] 4s² 3d⁶. దాని కింద క్రోమియం, దాని కింద నికెల్. కోపంలో గీశాను కాబట్టి చెయ్యి ఆగలేదు. గీశాక చూశాను. మూడు బ్రాకెట్లు, ఒకదాని కింద ఒకటి. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"అత్తా, క్యా హువా?"

"ఏం లేదు. చాక్ పొడి" అన్నాను.

మర్నాడు క్లాసులో మిగతా పిల్లలు బోర్డు చూసి ఈల వేశారు. మేడమ్ దారికొచ్చారని సంబరం. సరే, మొదలుపెట్టాను కదా అని, జడవాయువుల్నే బ్రాకెట్‌లో ఎందుకు పెడతారో చెప్పాను. వాటి గదులు నిండిపోయి ఉంటాయి. ఎవరినీ ఏమీ అడగవు, ఎవరికీ ఏమీ ఇవ్వవు, ఎవరితోనూ కలవవు. లోపల అలా కదలకుండా ఉంటాయి కాబట్టే వాటిని ఒక గుర్తుతో సరిపెట్టవచ్చు. ఇంతలో ఒక పిల్ల ఫోనులో చూసి చదివేసింది, ఆర్గాన్‌ని వెల్డింగ్‌లో వాడతారట మేడమ్ అని. ఉపయోగాలు పరీక్షకి రావు, ఫోను లోపల పెట్టు అని కసిరాను.

మా మేనకోడలు చెయ్యెత్తింది. "మేడమ్, కుమ్హారి వెళ్తుంటే బోర్డులు ఉంటాయి. ఆర్గాన్ వెల్డింగ్ అని. అది ఇదేనా?"

"అవును."

"అది దేనితోనూ కలవదు. అంటే దానిలో ఏదీ మండదు కదా?"

"మండదు."

"అయితే అందులో దీపం పెడితే?"

నేను పాఠం చెబుతున్నాను. ఇన్నేళ్లుగా చెబుతున్న నోరు. పిల్లలు అడిగితే జవాబు దానంతట అదే వచ్చేస్తుంది.

"ఆరిపోతుంది" అన్నాను.

అది పెన్ను మూత పెట్టింది. మళ్లీ తీసింది. "మనిషి ఉంటే?"

నేను నోరు తెరిచేలోపే వెనక వరసలోంచి ఎవరో "మర్ జాయేగా, ఔర్ క్యా" అన్నారు. అందరూ నవ్వారు. చచ్చిపోతాడు, ఇంకేముంది. అది మాత్రం నవ్వలేదు. బోర్డు వైపు కూడా చూడటం లేదు, పెరటి వైపు తలుపు వైపు చూస్తోంది. నాకు తలనొప్పిగా ఉంది, మిగతాది రేపు చెబుతానని అందర్నీ పంపించేశాను. చెప్పులు వెతుక్కుంటూ, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వెళ్లారు. అది బెంచీ మీంచి లేవలేదు.

"అత్తా, మామ్మ టాంకులో దీపం గంగమ్మకి దించదు. కదా?"

అమ్మ తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టినదాన్ని నేను. ఒట్టు గుర్తొచ్చింది. కానీ ఆ పిల్ల అడుగుతున్నది నన్ను కాదు, అప్పటికే తనకి తెలిసిపోయింది. ఒక్కొక్క ముక్కా తనే పేర్చుకుని తెచ్చి నా ముందు పెట్టింది. కాదంటే నేను నేర్పిన పాఠమే కాదనాలి.

"గంగమ్మకి కాదు" అన్నాను.

"డాడీ ఏ టాంకులోకి దిగారు?"

చెప్పాను. గొట్టం సంగతి, క్యారేజీ సంగతి, కునుకు అనుకున్న సంగతి. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని తెలిసి ఆపకుండా చెప్పాను. అది బెంచీ అంచు పట్టుకుని వింది. ఏడుస్తుందనుకున్నాను. అది ఒకటే ప్రశ్న అడిగింది, ఊపిరాడక గింజుకున్నారా అని.

ఇన్నేళ్లూ ఆ ప్రశ్న నాకు తెలుసు. మా మరదలు అడగలేదు, అమ్మ అడగలేదు. దానికి జవాబు నా పుస్తకాల్లో వెతుక్కుని ఎప్పుడో దాచిపెట్టుకున్నాను. "లేదే" అన్నాను. "ఊపిరి బిగబట్టినప్పుడు మనకి బాధ ఎందుకు పుడుతుందంటే, లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక. ఆర్గాన్‌లో ఊపిరి మామూలుగానే ఆడుతుంది. లోపలిది బయటికి పోతూనే ఉంటుంది. ఏదో తేడాగా ఉందని కూడా మనిషికి తెలియదు. నీరసంగా ఉందని కూర్చుని ఉంటాడు. అంతే." నా గొంతు టీచరు గొంతులాగే ఉంది. అలా ఉన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అది నోట్సు మూసి, "మామ్మకి చెప్పకు" అంది. "నాకు తెలిసిందని తెలిస్తే మామ్మకి డర్ లగేగా."

అమ్మకి భయమేస్తుందట. చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి దాన్ని కనిపెట్టుకుని తిరిగాను. తింటోందా, నిద్రపోతోందా, స్నేహితులతో నవ్వుతోందా. అన్నీ బాగానే ఉన్నాయి. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం చూశాను. సామాన్ల గది తలుపు తీసింది. గుమ్మంలో ఆగింది. ఒక ఊపిరి పీల్చి చూసుకుంది. అప్పుడు అడుగు లోపలికి వేసింది. నాలాగే. అచ్చం నాలాగే. అమ్మ భయపడినదంతా జరిగిపోయింది. గాలంటే భయం దానికీ అంటుకుంది, అంటించింది నేను. ఆ రాత్రి దాని పక్కనే పక్క వేసుకున్నాను.

ఎండలు ముదిరేలోపు టాంకు కడగాలని అమ్మ ఒక ఆదివారం పొద్దున్నే నీళ్లు తోడించింది. నేను చీర కుచ్చిళ్లు ఎగదోపి, చీపురు, గీకుడు రేకు సిద్ధం చేసుకున్నాను. మా మరదలు నిచ్చెన తెచ్చి దించింది. అమ్మ ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, బకెట్టులో పెట్టింది. ఎప్పటిలాగే పిల్లని పిలిచింది, పసుపు తేమ్మా, గంట తేమ్మా అని.

అది వచ్చింది. చేతిలో పసుపు లేదు, గంట లేదు. తాడు అమ్మ చేతిలోంచి తీసుకుని, బకెట్టు ఎక్కడా గోడకి తగలకుండా నెమ్మదిగా దించింది. అడుగు తగిలాక తాడు వదల్లేదు. నేల మీద బోర్లా పడుకుని, తల టాంకు నోట్లోకి వంచి చూస్తూ ఉండిపోయింది. చేతులు జోడించలేదు. కళ్లు మూసుకోలేదు. జడ జారి లోపలికి వేలాడింది. అమ్మ దాని వీపు వైపు చూస్తూ నిలబడింది.

చాలాసేపయ్యాక అది లేచి కూర్చుని, నాతో అంది. "నిలకడగా వెలుగుతోంది అత్తా. గాలి ఉంది. దిగొచ్చు."

నేను అమ్మ వైపు చూసే ధైర్యం చేయలేదు, నిచ్చెన పట్టుకుని దిగిపోయాను.

లోపల చల్లగా ఉంది, పాచి వాసన. ఆ వాసనకి నా ప్రాణం కుదుటపడింది. దీపం మూలకి జరిపి, గోడ గీకడం మొదలుపెట్టాను.

"అత్తా?"

"ఏటే?"

"కుఛ్ నహీ."

ఏమీ లేదట. మళ్లీ గీకుతున్నాను. మళ్లీ "అత్తా?" అంది. ఊఁ అన్నాను. ఇంకాసేపటికి మళ్లీ. నడుం నొప్పి, కంట్లో పాచి నీళ్లు, పైనుంచి ఈ పిలుపు. నా కోపం నా చేతిలో ఉంటుందా?

"ఏటే నీ గోల! పని చేసుకోనిస్తావా లేదా?"

ఆ చదరపు వెలుగులో దాని తల వెనక్కి జరగడం కనిపించింది. అయ్యో అనుకున్నాను, ఏదో ఒకటి అనబోయాను. ఈలోపు అక్కడ నేల మీద ఇంకెవరో కూర్చున్న చప్పుడు అయింది, మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ. అమ్మ గొంతు వినిపించింది. నాతో కాదు, దానితో.

"అది తిడితే తిట్టనీ. నువ్వు పిలుస్తానే ఉండమ్మా. ఆపకు." కొంచెం ఆగింది. "మీ నాన్నని ఎవులూ పిలవలేదు."

ఇద్దరూ ఏం చేస్తున్నారో నాకు కనిపించలేదు. నా చేతిలో రేకు అలాగే ఉండిపోయింది. దీపం వెలుగుతూనే ఉంది.

తర్వాత, ముక్కు ఎగబీల్చుకుంటూ, అది మళ్లీ పిలిచింది.

"అత్తా?"

"ఉన్నానే" అన్నాను. "ఇక్కడే ఉన్నాను. పిలువు."